కారు వద్దు అన్నయ్యా, రైలెక్కి పడవలో వెళ్దాం

గ్లాస్గో

అన్నయ్యకు, వదినకు నమస్కారాలు. అమ్మకు పాదాభివందనాలు.

వీసాలు చేతికి వచ్చాయని విన్నప్పటి నుంచి మా ఇంట్లో పండగే. ఆయన అప్పుడే మీ గది సర్దడం మొదలుపెట్టారు. ప్రయాణం సంగతులు ఫోనులో చెబితే సగం గాలికి పోతాయని కూర్చుని రాస్తున్నాను. అమ్మకు చదివి వినిపించు.

ముందు కారు మాట. గ్లాస్గోలో అద్దెకు తీసుకుని నేరుగా బస గుమ్మం ముందే దిగుదామన్నావు. మనం ఉండబోయే ఇన్వెరీకి బయటి నుంచి రోడ్డే లేదు. స్కాట్లండ్ పడమటి తీరంలో నాయ్‌డార్ట్ అనే ద్వీపకల్పంలో ఉంది ఆ ఊరు. దీవి కాదు, బ్రిటన్ ప్రధాన భూభాగమే. కానీ వెనకంతా కొండలు, ముందు సముద్రపు పాయ. ఊళ్ళో పదకొండు కిలోమీటర్ల రోడ్డు ఉంది గానీ అది దేశంలోని మరే రోడ్డుకూ కలవదు. అక్కడికి చేరాలంటే మాలేగ్ రేవు నుంచి పడవ ఎక్కాలి, లేదా కొండలెక్కి నడవాలి. కిన్‌లాక్ హౌర్న్ నుంచి బారిస్‌డేల్ మీదుగా ఆ కాలిబాట పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. చాలామంది మధ్యలో ఒక రాత్రి గుడారం వేసుకుని రెండు రోజుల్లో చేరతారు. అమ్మ మోకాళ్ళతో అది మాటల్లో కూడా వద్దు.

ఇక మాలేగ్ దాకా కారులో వెళ్ళవచ్చు, నిజమే. సుమారు 240 కిలోమీటర్లు, నాలుగు గంటలు. ఇక్కడా ఎడమ పక్కనే నడుపుతారు, మన లైసెన్సు ఏడాది దాకా చెల్లుతుంది. కానీ లాక్ లోమండ్ సరస్సు ఉత్తరపు కొస దగ్గర రోడ్డు బాగా ఇరుకు, ఎదురుగా లారీలు. ఇంత దూరం వచ్చి నువ్వు రోడ్డు తప్ప ఏమీ చూడకుండా పోవడం నాకు ఇష్టం లేదు. పైగా ఆ కారు మనం తిరిగి వచ్చేదాకా మాలేగ్‌లో ఊరికే పడి ఉంటుంది.

లండన్‌లో దిగి రాత్రి రైల్లో వద్దామన్న వదిన ఆలోచన బాగుంది. అక్కడి యూస్టన్ స్టేషన్ నుంచి పడుకునే బెర్తులతో, మాలేగ్ దారిలో ఉన్న ఫోర్ట్ విలియం ఊరి దాకా బండి ఉంది, శనివారం రాత్రి తప్ప. అయితే ఖర్చు ఎక్కువ, అమ్మకు విమానం దిగగానే మళ్ళీ రాత్రి ప్రయాణం. హైదరాబాదు నుంచి దుబాయ్ మీదుగా గ్లాస్గోకే రండి. రెండు రోజులు మా ఇంట్లో కాళ్ళు చాపుకుని, తరువాత బయలుదేరదాం.

క్వీన్ స్ట్రీట్ స్టేషన్‌లో ఉదయం ఎనిమిది దాటాక మాలేగ్ బండి ఎక్కితే మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో దిగుతాం. ఆ బండి క్రియన్‌లారిచ్‌లో రెండుగా విడిపోతుంది, ఒక సగం ఓబన్‌కు, ఒక సగం మాలేగ్‌కు. మన పెట్టె ఏదో చూసుకునే ఎక్కాలి. బయలుదేరేటప్పుడు కుడి పక్క కిటికీలు పట్టుకుందాం. లాక్ లోమండ్ అటే కనిపిస్తుంది. ఫోర్ట్ విలియంలో బండి వచ్చిన దిక్కుకే వెనుదిరుగుతుంది కాబట్టి, లేవకుండానే మనం ఎడమ పక్కకు మారిపోతాం. గ్లెన్‌ఫిన్నన్ వంతెన మీద చూడవలసిన లాక్ షీల్ సరస్సు కూడా సరిగ్గా అటే! 21 కమానుల కాంక్రీటు వంతెన అది, లోపల ఇనుప చువ్వలు లేకుండా కట్టారు. 1901లో ఆ దారిన రైళ్ళు మొదలయ్యాయి. పిల్లలు హ్యారీ పోటర్ సినిమాలో పొగబండి పోతుండగా చూసిన వంతెన అదే. దాని కోసం పొగబండికి వేరే టికెట్టు కొనక్కర్లేదు, మన మామూలు బండీ ఆ పట్టాల మీదే పోతుంది.

ఫోర్ట్ విలియం రాకముందే ర్యానక్ మూర్ అనే బీడు వస్తుంది, అప్పుడు మాత్రం నిద్రపోవద్దు. కనుచూపు మేర బురదనేల, నీటి మడుగులు, ఒక్క ఇల్లు లేదు. ఆ బురదలో పునాది నిలవక, చెట్ల వేళ్ళు, కొమ్మలు, మట్టి, బూడిద కుమ్మరించి వాటి మీద పట్టాలు వేశారు. నువ్వు ఇంజనీరువి, నాకంటే నీకే బాగా అర్థమవుతుంది.

మాలేగ్‌లో భోంచేసి పడవ ఎక్కుతాం. అమ్మ అడిగింది కదా, నీళ్ళ మీద ఎంతసేపని. అరగంటకు కాస్త ఎక్కువ. యానాం, ఎదుర్లంక మధ్య వంతెన రాకముందు పంటు మీద గోదావరి దాటిన మనిషికి ఇది లెక్క కాదని చెప్పు. రేవు దాటాక కాసేపు ఊగుతుంది, లాక్ నెవిస్ పాయలోకి తిరిగాక సర్దుకుంటుంది. అమ్మ చెయ్యి నేను పట్టుకుంటాను. గాలి బాగా ఎక్కువైతే పడవలు ఆపేస్తారు. అందుకే తిరుగు ప్రయాణానికీ విమానానికీ మధ్య రెండు రోజులు వదిలిపెట్టమంటున్నాను, ఆ రెండు రోజులు దయచేసి తగ్గించకు.

ఇంత కష్టపడి అక్కడికే ఎందుకని బావగారు అడిగారట. 1853లో ఆ ఊళ్ళ నుంచి రైతు కుటుంబాలను ఓడ ఎక్కించి కెనడాకు పంపేశారు, వెళ్ళనన్నవాళ్ళ ఇళ్ళు కూలగొట్టారు. తరువాత ఆ నేల చేతులు మారుతూ వచ్చింది. 1999లో ఊరివాళ్ళు, వాళ్ళ కోసం నిలబడినవాళ్ళు కలిసి ఆ నేలను కొనుక్కున్నారు. మేము వెళ్ళినప్పుడు చూశాను, దుకాణం, బస, పడవ, అన్నిట్లోనూ ఆ కొద్దిమందే కనిపిస్తారు. మనం పెట్టే డబ్బు అలాంటి ఊరికి చేరుతుందంటే నాకు తృప్తి.

మే నెల ఖాయం చేయండి. అక్కడ వాన తక్కువ ఉండే రోజులవి, కుట్టే చిన్న దోమలు ఇంకా ముమ్మరం కావు, రాత్రి తొమ్మిదిన్నరకు కూడా వెలుతురు ఉంటుంది. గొడుగులు వద్దు, ఆ గాలికి నిలవవు, తల కప్పే వానకోట్లు తెండి. ఆవకాయ తేవచ్చు గానీ నెయ్యి, పాలకోవా ఈ దేశంలోకి రానివ్వరు. వదిన చేతి సున్నుండలంటే నాకు ప్రాణం, కానీ వాటిలోనూ నెయ్యే కదా, ఈసారికి వద్దని చెప్పు.

పడవ సీట్లు, బస ముందుగా చెప్పి ఉంచాలి. పిల్లలిద్దరూ వస్తున్నారో లేదో ఈ ఆదివారం లోపల ఖచ్చితంగా చెప్పు. అమ్మ బీపీ మందులు పూర్తి ప్రయాణానికి సరిపడా కొని, డాక్టరు చీటీతో సహా చేతి సంచిలోనే పెట్టండి. ఇన్వెరీలో మందుల దుకాణం మీద ఆశ పెట్టుకోకూడదు.

మీ చెల్లెలు