ఒక్క కాలే వాస్తే 'నీరు' అనుకోవద్దు

సంపాదకునికి,

లివర్ చెడిపోయిన మనిషి కాలు వాచిందంటే మన దగ్గర మొదట వచ్చే మాట 'నీరు పట్టింది' అని. ఎక్కువసార్లు అది నీరే. అయితే నీరు పడితే సాధారణంగా రెండు కాళ్లూ వాస్తాయి, వేలితో నొక్కితే సొట్ట పడుతుంది. ఒక్క కాలే వాచి, పిక్క గట్టిపడి, ముట్టుకుంటే వేడిగా, నొప్పిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించాలి. దర్జీ టేపు ఉంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. మోకాలి చిప్ప కింద చేతికి తగిలే ఎముక బుడిపె నుంచి 10 సెంటీమీటర్లు కిందికి గుర్తు పెట్టి, రెండు పిక్కల చుట్టూ కొలవండి. తేడా 3 సెంటీమీటర్లు దాటితే ఆ రోజే కాలికి డాప్లర్ (సిరల్లో రక్తం పారుతున్న తీరు చూపే స్కాన్) తీయించాలి. తేడా తక్కువున్నా నొప్పి ఉంటే చూపించాల్సిందే. నూనె పెట్టి మర్దన చేయించడం, ఊళ్లో నొప్పి సూది వేయించుకోవడం రెండూ వద్దు. మర్దనతో గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరొచ్చు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి సూదులు సిర్రోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడే జబ్బు) ఉన్నవాళ్ల కిడ్నీలను దెబ్బతీస్తాయి, రక్తస్రావమూ తెస్తాయి.

'ఐఎన్ఆర్ 2 ఉంది, రక్తం ముందే పల్చగున్నది, గడ్డ ఎట్ల కడుతది?' అనే మాట చదువుకున్నవాళ్ల నోటా వింటాం. ఐఎన్ఆర్ అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్ష; అంకె పెరిగితే ఆలస్యమవుతోందని లెక్క. రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలు చాలావరకు లివర్‌లోనే తయారవుతాయి. గడ్డను అడ్డుకునే ప్రోటీన్-సి, యాంటీత్రాంబిన్ కూడా అక్కడివే. సిర్రోసిస్‌లో రెండూ తగ్గుతాయి. ఐఎన్ఆర్ మొదటి రకం లోటునే చూపిస్తుంది. తక్కెడలో ఒక పళ్లెం చూసి తూకం చెప్పినట్టే. పైగా గడ్డకట్టడానికి తోడ్పడే ఫ్యాక్టర్ 8, వాన్ విల్లీబ్రాండ్ ఫ్యాక్టర్ ఈ జబ్బులో పెరుగుతాయి. పొట్టలో నీరు తీసే ముందు ఐఎన్ఆర్ అంకె చూసి ప్లాస్మా బాటిళ్లు ఎక్కించే అలవాటు కూడా ఈ అపోహ నుంచి పుట్టిందే. దానివల్ల ఒరిగేది తక్కువ, లివర్‌కు రక్తం తెచ్చే పోర్టల్ సిరలో ఒత్తిడి మాత్రం పెరుగుతుంది.

ఎక్కువగా గడ్డకట్టేది ఆ పోర్టల్ సిరలోనే. పేగుల నుంచి రక్తాన్ని లివర్‌కు తెచ్చే దారి అది. గట్టిపడ్డ లివర్‌లోకి దూరలేక రక్తం నెమ్మదిస్తుంది. చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు. కొందరికి తీసిన నీరు తొందరగా మళ్లీ నిండుతుంది, కడుపునొప్పో రక్తపు వాంతో వస్తుంది. గడ్డ పేగుల సిరలోకి పాకితే పేగు కుళ్లిపోయే ప్రమాదం ఉంది.

సిర్రోసిస్ ఉన్నవాళ్లు లివర్ క్యాన్సర్ కోసం 6 నెలలకోసారి ఎలాగూ స్కాన్ తీయించుకోవాలి. ఆ చీటీ మీదే 'పోర్టల్ వీన్ డాప్లర్' అని రాయించుకోండి. రిపోర్టులో 'పేటెంట్' అంటే సిర తెరిచి ఉందని, 'హెపటోపెటల్' అంటే రక్తం లివర్ వైపే పోతోందని అర్థం. 'థ్రాంబస్' (రక్తపు గడ్డ) అనే మాట కనిపిస్తే ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి పోవద్దు, డాక్టరుకు చూపించండి. మన జిల్లాల్లో లివర్ జబ్బు అనగానే కల్లు, సారా గుర్తొస్తాయి గానీ హెపటైటిస్-బి వాళ్లకూ, షుగర్‌తో పాటు ఫ్యాటీ లివర్ ముదిరి సిర్రోసిస్ అయినవాళ్లకూ ఇదంతా వర్తిస్తుంది.

చిన్న గడ్డయితే కొందరిలో మందు లేకుండా 3 నెలలకోసారి స్కాన్‌తో గమనిస్తారు. గడ్డకట్టకుండా చేసే మందు అవసరమైతే ముందుగా ఎండోస్కోపీతో అన్నవాహికలో ఉబ్బిన సిరలు చూసి, అవి పగిలి రక్తం పోకుండా బ్యాండ్లు వేయడమో, ఒత్తిడి తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు ఇవ్వడమో చేస్తారు. గడ్డకు వాడే ఎనాక్సాపారిన్ సూది సాధారణంగా కిలో బరువుకు 1 మిల్లీగ్రాము, 12 గంటలకోసారి. కిడ్నీలు బాగా దెబ్బతింటే మోతాదు మారుతుంది. గడ్డకు వాడే మాత్రలతోనే చిక్కు. ఐఎన్ఆర్ ముందే పెరిగి ఉంటే వార్ఫరిన్ మోతాదు కుదరడం కష్టం. రివరాక్సబాన్ మాత్ర చైల్డ్-ప్యూ (లివర్ ఎంత దెబ్బతిన్నదో ఎ, బి, సి దశల్లో చెప్పే కొలత) బి, సి దశల వాళ్లకు పనికిరాదు. పక్కింటాయన గుండెకు వాడుతున్న మాత్ర మెడికల్ షాపులో అడిగి కొనుక్కుంటే వచ్చే ముప్పు ఇదే.

నారాయణపేట, మక్తల్ వైపు నుంచి ముంబై, పుణె బస్సుల్లో రాత్రంతా కూర్చుని పోయే లివర్ రోగులు బస్సు ఆగిన ప్రతిచోటా దిగి నాలుగడుగులు వేయాలి. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు వస్తే 108కి ఫోన్ చేసి, లివర్ జబ్బు ఉందన్న సంగతి మొదటే చెప్పాలి.

- కాలేయ రోగుల వైద్యసేవలో ఉన్న కొందరు, నల్లగొండ