కొనుక్కొచ్చిన ప్రాజెక్టుకు ఎంటెక్ పట్టానా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మా మేనల్లుడు ఎంటెక్ కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరంలో ఉండగా ఒక ఆదివారం హనుమకొండలో మా ఇంటికి వచ్చాడు. "పన్నెండు వేలు కావాలె మామా, ప్రాజెక్టుకు" అన్నాడు. లాప్‌టాప్ పాడైందేమో అనుకున్నాను. కాదట. అమీర్‌పేట పోయి ప్రాజెక్టు తెచ్చుకుంటాడట. టైటిల్, కోడ్, రిపోర్టు, పీపీటీ అన్నీ అక్కడే ఇస్తారట, వైవాలో, అంటే నోటి పరీక్షలో, ఏం చెప్పాలో కూడా ఒక పూట కూర్చోబెట్టి నేర్పిస్తారట. "మా క్లాసుల అందరు గట్లనే చేస్తున్నరు" అన్నాడు. తప్పు చేస్తున్నానన్న బెరుకు వాడి ముఖంలో లేదు. పరీక్ష ఫీజు అడిగినట్టే అడిగాడు. నాకు బాధ కలిగింది అక్కడే.

ఎంటెక్ సీటు ఊరికే రాదు. గేట్‌లోనో పీజీఈసెట్‌లోనో ర్యాంకు తెచ్చుకోవాలి. కోర్సు 2 ఏళ్లు, 4 సెమిస్టర్లు. మొదటి ఏడాది సబ్జెక్టులు, ల్యాబులు. రెండో ఏడాది చాలావరకు ప్రాజెక్టు పనే. సాంకేతిక విద్యను చూసే కేంద్ర మండలి ఏఐసీటీఈ 2018లో ఇచ్చిన నమూనా సిలబస్ ప్రకారం కోర్సు మొత్తానికి 68 క్రెడిట్లు (చదువు బరువును కొలిచే పాయింట్లు) ఉంటే, రెండు దశల డిసర్టేషన్‌కే, అంటే ఈ ప్రాజెక్టుకే, 26 పోతాయి. మూడో వంతు కన్నా ఎక్కువ! పరీక్ష హాల్లో చిన్న చీటీ దొరికితే పిల్లవాణ్ని డిబార్ చేస్తాం. 26 క్రెడిట్ల పని బయట చేయించుకొస్తే మాత్రం ఎవరికీ పట్టదు. గేట్ అర్హతతో చేరినవారికి నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ ఉంది. అది జనం కట్టిన పన్నుల సొమ్ము. కాబట్టి ఇది కాలేజీ నాలుగు గోడల మధ్య ఉండిపోవాల్సిన విషయం కాదు.

ఎంసీఏ మూడేళ్లు ఉన్న రోజుల్లో నేను చదివాను. చివరి సెమిస్టర్ అంతా ప్రాజెక్టే. వరంగల్ బీట్ బజార్‌లో ఒక హోల్‌సేల్ దుకాణానికి స్టాకు లెక్కలు చూసే ప్రోగ్రాం విజువల్ బేసిక్‌లో రాశాను. నాకు అన్నీ సరిగానే ఉన్నట్టు అనిపించింది. దుకాణం సేటు మాత్రం, "బస్తాలు లోపట కనబడుతున్నయి, నీ డబ్బాల లేవు" అన్నాడు. నాలుగు రాత్రులు వెతికితే తెలిసింది, తిరిగొచ్చిన బస్తాను నా ప్రోగ్రాం మళ్లీ అమ్మినట్టు లెక్కేస్తోంది. ఆ నాలుగు రాత్రుల్లో నేర్చుకున్నది నాకు ఏ సబ్జెక్టులోనూ దొరకలేదు. కొనుక్కున్న ప్రాజెక్టులో పిల్లలు పోగొట్టుకుంటున్నది అదే.

తప్పంతా పిల్లలదే అనను. ఒక్కో గైడ్ దగ్గర ఎంతోమంది విద్యార్థులు, పైగా క్లాసులు, ఇన్‌స్పెక్షన్ల కోసం ఫైళ్లు. ఇక రివ్యూలు సంతకాలతో సరిపోతాయి. కాపీని ఆపడానికి యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. రిపోర్టులో ఇతరుల రాతలతో పోలికలు 10 శాతం లోపు ఉంటే ఫరవాలేదు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అయితే ఈ పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్ వాక్యాలను పోల్చి చూస్తుందే తప్ప కోడ్ ఎవరు రాశారో చెప్పలేదు. అమ్మేవాళ్లకూ ఇది తెలుసు, పది శాతం లోపే ఉండేలా రాసిస్తామని ముందే మాటిస్తారు. ఇప్పుడు చాట్‌జీపీటీ కూడా తోడైంది. దాన్ని వాడటం తప్పని నేను అనను, కానీ ఈ లైను ఎందుకు రాశావని అడిగితే జవాబు చెప్పగలగాలి.

మా వాడికి డబ్బులు ఇవ్వలేదు. నర్సంపేట దగ్గర మా బంధువుల మిర్చి తోటకు పంపించాను. 2021-22లో నల్ల తామర పురుగు మన వైపు మిర్చిని ఎట్లా ఊడ్చేసిందో రైతులు మరిచిపోలేదు. వాడు ఫోన్‌తో వందల ఆకుల ఫొటోలు తీసి, ఏది ఏ తెగులో గుర్తుపట్టే కంప్యూటర్ మోడల్ తయారు చేశాడు. తామర పురుగు పడితే ఆకు పైకి ముడుచుకుంటుంది, నల్లి (మొక్కల రసం పీల్చే సన్న పురుగు) పడితే కిందికి ముడుచుకుంటుంది. వాడి మోడల్ ఈ రెండింటినీ కలిపేసేది. ఫొటో ఏ వైపు నుంచి తీశామన్నదాంట్లోనే తిరకాసు ఉందని తెలియడానికి నెల పట్టింది. మళ్లీ తోటకు పోయి పక్క నుంచి ఫొటోలు తీసుకొచ్చాడు. చివరికి వైవా పది నిమిషాల్లో అయిపోయింది. కోడ్ తెరవమని ఎవరూ అడగలేదు. కొనుక్కొచ్చిన స్నేహితులకు వాడికన్నా ఎక్కువ మార్కులు పడ్డాయి. ఆ రోజు వాడికి ఏం చెప్పాలో నాకు తోచలేదు.

వైవాలో కోడ్ తెరిపించి, అక్కడికక్కడే చిన్న మార్పు చేసి చూపించమనండి. సొంతంగా రాసినవాడికి అది కష్టం కాదు. రిపోర్టుతో పాటు కోడ్‌ను కూడా యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా పెట్టండి. ఒకే ప్రాజెక్టు నాలుగు కాలేజీల్లో తిరుగుతుంటే అప్పుడు ఇట్టే బయటపడుతుంది.

ఇంకొకటి, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. ప్రాజెక్టు మీద ఆసక్తి లేనివారికి వేరే దారి ఇవ్వండి. అమెరికాలో ఎంఎస్‌కు, అంటే అక్కడి పీజీకి, సాధారణంగా 30 క్రెడిట్లు ఉంటాయి, చాలా యూనివర్సిటీల్లో థీసిస్ వద్దనుకుంటే ఆ మేరకు మరిన్ని సబ్జెక్టులు చదివి పాసవ్వచ్చు. మన యూజీసీ కూడా 2024లో ఇచ్చిన పీజీ మార్గదర్శకాల్లో, మూడేళ్ల డిగ్రీ తర్వాత రెండేళ్ల పీజీలో చేరినవారు రెండో ఏడాది సబ్జెక్టులే చదవాలా, పరిశోధన చేయాలా, రెండూ కలిపి చేయాలా అన్నది ఎంచుకునే వీలు కల్పించింది. ఎంటెక్‌కూ, ఎంసీఏకూ అలాంటి వీలు ఉంటే, నాలుగు సబ్జెక్టులు నిజాయితీగా చదివే పిల్లవాడు ప్రాజెక్టు కోసం అబద్ధం ఆడాల్సిన పని ఉండదు.

1959లో రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ, 1976లో కాకతీయ యూనివర్సిటీ వచ్చిన ఊరు మనది. ఈ చర్చ ఇక్కడే మొదలవ్వాలి. వచ్చే బ్యాచ్‌కు గైడ్లను కేటాయించకముందే అధ్యాపకులు, పాఠ్య ప్రణాళిక సంఘాల వాళ్లు కూర్చుని ఈ సంగతి తేల్చాలని కోరుతున్నాను. పిలిస్తే మా మేనల్లుడు లాప్‌టాప్ తీసుకుని వస్తానంటున్నాడు. కోడ్ తెరిచి చూపిస్తాడు.

ఇట్లు,
ఒక ఎంసీఏ పూర్వ విద్యార్థి,
హనుమకొండ