మన వాకర్స్ సంఘం 2024-25 వార్షిక నివేదిక: ఈ ఏడాదంతా మోకాళ్ళే

సభ్యులందరికీ నమస్కారమండి. సెక్రటరీగా ఏటా రాసే రిపోర్టే ఇది, కాకపోతే ఈసారి లెక్కల కన్నా మోకాళ్ళ గురించే ఎక్కువుంటుంది, ఎందుకంటే ఏడాదంతా సంఘంలో అదే గోల. పోయినేడు వర్షాలు వెళ్ళాక చూస్తే కాలవ గట్టు మీద నడకకి వచ్చేవాళ్ళు సగం మంది మానేశారు, ఇళ్ళకెళ్ళి కనుక్కుంటే అందరిదీ ఒకటే పాట, "గుజ్జు అరిగిపోయిందండి, నడిస్తే ఇంకా అరిగిపోద్ది" అని.

ఈ మాట తప్పని నమ్మించడానికే మాకు తల ప్రాణం తోకకొచ్చింది. అక్టోబరు 12 ప్రపంచ ఆర్థరైటిస్ దినం కదాని రామాలయం దగ్గర మీటింగ్ పెట్టి ఎముకల డాక్టరు గారిని పిలిచాం. కీలు లోపలి గుజ్జుకి రక్తనాళాలు ఉండవంట, మనం కదిలినప్పుడు అది నొక్కుకుని మళ్ళీ వదులైతేనే చుట్టూ ఉన్న జిగురు ద్రవం లోపలికెళ్ళి దానికి తిండి అందుద్దంట. వెనకాల కూర్చున్న ఒక రైతు గారు "అంటే లాకులెత్తకపోతే శివారు చేను ఎండినట్టేగా" అన్నారు, అంతే, అప్పటిదాకా కునికిపాట్లు పడుతున్నవాళ్ళు కూడా తలలూపేశారు. అరిగింది మళ్ళీ పెరిగి రాదని కూడా డాక్టరు గారు దాచకుండా చెప్పేరు, కానీ తొడ కండ గట్టిపడితే కీలుకి ఆసరా దొరికి నొప్పి సర్దుకుంటుందన్నారు.

ఆ తర్వాత మొదలైందే కుర్చీ క్లాసు. నడవలేని వాళ్ళకి ఇదే నడక. కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుని, ఒక కాలు తిన్నగా చాపి, వేళ్ళు మనవైపుకి లాగి, పది లెక్కపెట్టి మెల్లగా దించాలి, ఒక్కో కాలికి పదిసార్లు, ఇంతే. మా పిన్ని సంగతి చెప్తాను, నలభై ఏళ్ళు ఊడ్పులకెళ్ళిన మనిషి, మొదటిరోజు నాలుగు లెక్కపెట్టేసరికి తొడ గడగడా వణికిపోయింది, చీర కుచ్చిళ్ళు పిడికిట్లో పట్టుకుని "నన్ను చంపేత్తన్నావురా" అంది. రెండు నెలలకి పాలకొల్లులో ఆర్టీసీ బస్సు దిగేటప్పుడు నేను చెయ్యి ఇస్తే తోసేసి తనే దిగింది. మెట్టు ఎత్తు ఎంతో మీకు తెల్సుగా.

బరువు సంగతి అంత సులువుగా సాగలేదు. 2005లో అమెరికాలో మోకాళ్ళు అరిగిన పెద్దవాళ్ళని పరిశీలిస్తే ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గినట్టు తేలిందంట, ఇది అట్ట మీద రాసి వేలాడదీశాం, అందరూ చదివేరు, సంక్రాంతికి అరిసెలూ పూతరేకులూ తిని మళ్ళీ మొదటికొచ్చేరు (నేనూ అందులో ఉన్నాను). రాత్రి అన్నం ఒక గరిటె తగ్గించి కూర పెంచుకున్న వాళ్ళకే కొంత పనిచేసింది. వంకాయ తింటే వాతమా కాదా అని కమిటీ మీటింగులో అరగంట గొడవైంది, వంకాయ మీద గట్టి రుజువేం లేదు, పడనివాళ్ళు మానండి, మిగతావాళ్ళు గుత్తొంకాయ తినండి అని తేల్చేశాం. యూరిక్ యాసిడ్ (రక్తంలో అది పెరిగి కీళ్ళలో పేరుకునే గౌట్ జబ్బు) వాళ్ళ సంగతి వేరు, కాలి బొటనవేలు ఎర్రగా వాచి దుప్పటి తగిలినా తట్టుకోలేని వాళ్ళు బీరు, వేటమాంసం, రొయ్యలు తగ్గించుకోవాల్సిందే, చెరువుల మధ్య బతుకుతూ రొయ్య మానడం ఎంత కష్టమో నాకు తెలీక కాదు.

ఈ ఏడాది మనం చేసిన తప్పు కూడా రాయాలి. ఉచిత క్యాంపు అంటే నమ్మి ఒకళ్ళకి స్థలం ఇచ్చాం, తీరా చూస్తే నూనె సీసాలు అమ్ముకుపోయేరు, బాధ్యత నాదే. ఇంకోటి, లేబుల్ లేని పొడులు వాడకండి, కొన్నిట్లో స్టెరాయిడ్ కలుపుతారు, వారంలో నొప్పి మాయమైపోద్ది, తర్వాత మొహం ఉబ్బుద్ది, షుగర్ పెరుగుద్ది. మందుల షాపులో అడిగి తెచ్చుకుని రోజూ మింగే నొప్పి బిళ్ళలు కడుపుకీ కిడ్నీకీ దెబ్బే. వావిలాకు వేడినీళ్ళు, ఉప్పు మూట కాపడం మీ ఇష్టం, వెచ్చగా హాయిగా ఉంటాయి, ఒళ్ళు మాత్రం కాల్చుకోవద్దు.

ఒక మెంబరు గారి కోడలికి ముప్ఫై దాటాయో లేదో, రెండు చేతుల వేళ్ళ కణుపులూ వాచి పొద్దున్నే గంట దాటినా పిడికిలి బిగిసేది కాదు. ఇది అరుగుదల కాదు, రుమటాయిడ్, ఒంట్లోని రక్షణ వ్యవస్థే కీళ్ళ మీద పడిపోవడం. ఇలాంటిదానికి కుర్చీ క్లాసు చాలదు, కీళ్ళవాతం స్పెషలిస్టు దగ్గరికి ఎంత తొందరగా వెళ్తే కీళ్ళు అంత మిగులుతాయి. పొగ తాగితే ఈ జబ్బు ముప్పు పెరుగుద్ది, అందుకే గట్టు మీద చుట్టలు బంద్ అన్నాం, ఇద్దరు పెద్దాయనలు ఇంకా అలిగే ఉన్నారు.

లెక్కలకొస్తే బరువు మిషను కొన్నాం, బెంచీ ఒకటి విరిగింది, బాగు చేయించలేదు. గట్టు మీద లైట్లకి అర్జీలు పెట్టాం, లైట్లు రాలేదు, అందుకే నడక టైము తెల్లారాకకి మార్చాం. చందా బకాయిల లిస్టు రామాలయం గోడకి అంటించాం, పేరు చూసుకుని కోప్పడకండి.

జనరల్ బాడీ మీటింగు వచ్చే ఆదివారం ఏడింటికి, తర్వాత కుర్చీ క్లాసు కూడా అక్కడే. ఎవరి కుర్చీ వాళ్ళే తెచ్చుకోండి, చేతుల్లేనిదైతే మంచిది, మడత కుర్చీ మాత్రం వద్దు, పోయినసారి ప్రెసిడెంటు గారు పడ్డారు.