స్కిల్ టెస్ట్ తేదీ గురించి: పౌర విమానయాన మంత్రి గారికి ఒక విద్యార్థి పైలట్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారం.

కమర్షియల్ పైలట్ లైసెన్స్ శిక్షణలో చివరి దశకు వచ్చిన విద్యార్థిని నేను. మాది అనంతపురం జిల్లా. శిక్షణ వేరే రాష్ట్రంలో. స్కిల్ టెస్ట్ (పరీక్షకుడి ముందు విమానం నడిపి చూపించే పరీక్ష) ఎప్పుడో తెలియకుండా హాస్టల్ ఖర్చు పెట్టుకుని కూర్చోలేక బెంగళూరులో, మారతహళ్ళిలోని మా అక్క వాళ్ళింటికి వచ్చి ఇక్కడే ప్రిపేర్ అవుతున్నాను. దీన్ని ఒక సంస్థ మీద ఫిర్యాదుగా తీసుకోవద్దని మనవి. వేరే వేరే చోట్ల నేర్చుకుంటున్న స్నేహితులు కూడా ఇదే చెబుతున్నారు కాబట్టే మీకు రాస్తున్నాను.

అడగదలచుకున్నది ఒక్కటే. టెస్ట్ రోజు పొద్దున "ఈరోజు నేను ఎగరను" అని చెప్పిన విద్యార్థి ఆ మాట చెప్పినందుకు నష్టపోకూడదు.

లైసెన్స్‌కు కనీసం 200 గంటల ఫ్లయింగ్ కావాలి. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత మొత్తం తనదే అయిన పైలట్‌గా ఉండాలి. ఇవన్నీ మీకు తెలిసినవే. ఆ తర్వాత జరిగే టెస్టుల గురించి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. పగలు ఒక జనరల్ ఫ్లయింగ్ టెస్ట్, రాత్రి ఒకటి. పగలు 250 నాటికల్ మైళ్ళ క్రాస్ కంట్రీ (దూర ప్రయాణం) టెస్ట్, రాత్రి 120 నాటికల్ మైళ్ళది. లైసెన్స్‌కు దరఖాస్తు చేసే తేదీకి ముందు ఆరు నెలల్లోపే ఇవి పూర్తయి ఉండాలి. కమాండ్ గంటల్లో 15 కూడా ఆ ఆరు నెలల్లోవే అయి ఉండాలి. నియమం సరైనదే, చేతిలో పదును ఉన్నవాళ్ళకే లైసెన్స్ ఇవ్వాలి. కానీ విమానం ఇన్‌స్పెక్షన్‌కు వెళ్ళినా, పరీక్షకుడు దొరకకపోయినా, వానాకాలం మబ్బు దిగివచ్చినా ఆ ఆరు నెలల గడియారం ఆగదు. మొదటి టెస్ట్ పాసై, చివరిది ఆలస్యమైతే, పాసైనదాన్నే మళ్ళీ ఎగిరి చూపించాల్సి వస్తుంది. గంట ఫ్లయింగ్‌కు పది వేలకు పైనే అవుతుంది. పొలం అమ్మో, ఇల్లు తాకట్టు పెట్టో పంపిన ఇళ్ళు మాలో చాలా ఉన్నాయి.

ఇంతకీ ఇంట్లో కూర్చుని ఏం ప్రిపేర్ అవుతారని మా బావ అడుగుతుంటాడు. మేం నేర్చుకునే చిన్న విమానం సెస్నా 172 కాక్‌పిట్ ఫొటోను పెద్ద సైజులో ప్రింట్ తీయించి గోడకు అంటించాను. దాని ముందు కుర్చీ వేసుకుని, కళ్ళు మూసుకుని చెక్‌లిస్ట్ మొత్తం చేత్తో తడుముతూ చెప్పుకుంటాను. ఫ్యూయల్ సెలెక్టర్, మిక్స్చర్, కార్బ్ హీట్ (కార్బురేటర్‌లో మంచు పట్టకుండా వేడి గాలి పంపేది) ఉన్న మోడల్ అయితే అది, ఆ తర్వాత ఇగ్నిషన్. ఇంజన్ ఆగిపోతే ముందు చెయ్యాల్సింది వెతకడం కాదు, ఇంజన్ లేకుండా గాలిలో జారుతూ వెళ్ళే స్పీడు పట్టుకోవడం. మేం ఎగిరే మోడల్‌కు అది 65 నాట్లు (గంటకు అన్ని నాటికల్ మైళ్ళు). ఆ తర్వాతే దిగడానికి పొలం చూసుకోవడం, గాలి ఎటు ఉందో చూడటం, టైముంటే ఇంజన్ మళ్ళీ స్టార్ట్ చెయ్యడానికి ప్రయత్నించడం, మేడే కాల్ (ప్రమాదంలో ఉన్నామని రేడియోలో చెప్పడం). నోటికి వచ్చినంత మాత్రాన చాలదు, చేతికి రావాలి.

ఆదివారాల్లో ఇక్కడున్న తెలుగు ట్రైనీలం కొందరం కలుస్తాం. ఒకళ్ళు పరీక్షకుడు, మిగతావాళ్ళు అభ్యర్థులు. మేం ఎక్కువసేపు వాదించుకునే ప్రశ్న బెంగళూరుదే. ఈ ఊరు సముద్రమట్టానికి దాదాపు 3,000 అడుగుల ఎత్తులో ఉంది. ఏప్రిల్ మధ్యాహ్నం 35 డిగ్రీల ఎండలో ఇక్కడ టేకాఫ్ చేస్తే, రెక్కలకూ ప్రొపెల్లర్‌కూ ఇంజన్‌కూ ఇక్కడి గాలి 6,000 అడుగుల ఎత్తులో ఉన్నంత పలచగా అనిపిస్తుంది. రన్‌వే ఎక్కువ కావాలి, పైకి ఎక్కే వేగం తగ్గుతుంది. చెన్నైలో నిండా ట్యాంకుతో, ఇద్దరు మనుషులతో హాయిగా లేచిన విమానం ఇక్కడ అదే బరువుతో ఎంత పరుగు తీస్తుందో చార్టు చూసి లెక్క కట్టాలి. ఒక స్నేహితుడు లెక్కంతా కట్టి, చివర్లో "ఈ ఎండలో నేను వెళ్ళను, పొద్దున ఏడింటికి వెళ్తా" అన్నాడు. మా గుంపులో ఇంతవరకూ వచ్చిన మంచి జవాబు అదే.

మంత్రిగారూ, ఆ జవాబు అసలైన టెస్ట్ రోజున చెప్పగలమా? ఎగిరే ముందు పైలట్ తనను తాను ప్రశ్నించుకోవాలని మాకు మొదటి నెలలోనే నేర్పుతారు: ఒంట్లో బాగుందా, మందులేమైనా వేసుకున్నానా, టెన్షన్‌లో ఉన్నానా, తాగానా, అలసిపోయానా, మనసు కుదురుగా ఉందా. నేర్పడమంటే నేర్పారు. కానీ వారాల తరబడి ఎదురుచూసిన తేదీ అది. ముందు రోజు రాత్రి ఫోన్ వస్తుంది, రైలో బస్సో పట్టుకుని తెల్లారేసరికి చేరాలి. నిద్ర లేదు. చాలా రోజులుగా విమానం ముట్టుకోలేదు. గాలి అడ్డంగా వీస్తోంది. వద్దంటే వరుసలో ఆఖరుకు పోతాం, ఆరు నెలల లెక్కలో ఇంకొన్ని వారాలు కరిగిపోతాయి. అలాంటప్పుడు ఇరవై ఏళ్ళ పిల్ల "ఫిట్‌గానే ఉన్నాను సార్" అంటుంది. రేపు నూట ఎనభై మందిని వెనక కూర్చోబెట్టుకున్న రోజున కూడా ఆ అలవాటే ఆమెతో ఉంటుంది. నా భయమంతా దీని గురించే.

మీ హయాంలో జరిగినవి మాకు తెలుసు. 2025 ఫిబ్రవరిలో పైలట్ల ఎలక్ట్రానిక్ లైసెన్స్‌ను మీరే ప్రారంభించారు. 2025 అక్టోబరు నుంచి ఫ్లయింగ్ స్కూళ్ళకు డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) ర్యాంకులు ఇవ్వడం మొదలైంది. ఈ రెండూ విద్యార్థికి మేలు చేసేవే. లైసెన్సే ఫోన్‌లోకి వచ్చినప్పుడు దాని ముందు జరిగే టెస్ట్ తేదీ కూడా అందరికీ కనిపించేలా పెట్టడం కష్టం కాదనుకుంటున్నాను. ఇన్‌స్ట్రక్టర్ "ఈమె సిద్ధం" అని సంతకం పెట్టిన రోజు, టెస్ట్ జరిగిన రోజు, ఈ రెండిటి మధ్య ఎన్ని రోజులు పట్టిందో ప్రతి స్కూలూ బయటపెట్టాలి. ర్యాంకులో ఆ సంఖ్యకు బరువు ఉండాలి.

వాతావరణం బాగోలేదనో, ఒంట్లో బాగోలేదనో విద్యార్థి ఆగితే ఆ టెస్ట్‌ను వాయిదాగా మాత్రమే రాయాలి. తర్వాతి ఖాళీ తేదీ ముందు ఆమెకే ఇవ్వాలి. విమానం లేకో పరీక్షకుడు లేకో పోయిన రోజుల్ని ఆరు నెలల లెక్క నుంచి తీసెయ్యాలి. ఇలా తీసేస్తే నైపుణ్యం తగ్గినవాళ్ళకు లైసెన్స్ వెళ్ళిపోదా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఎక్కువ రోజులు ఎగరని ప్రతి విద్యార్థికీ టెస్ట్‌కు ముందు ఇన్‌స్ట్రక్టర్‌తో ఒక ఫ్లయిట్ తప్పనిసరి చెయ్యండి. ఆలస్యం విద్యార్థి వల్ల కాకపోతే దాని ఖర్చు సంస్థ పెట్టుకోవాలి. వీటిలో ఒక్కటే చెయ్యగలమంటే, వాయిదా వేసినా వరుస పోకుండా చూసే నియమమే ముందు తెమ్మంటాను.

డీజీసీఏ అధికారులు దీనిపై విద్యార్థులతో మాట్లాడదలిస్తే బెంగళూరులో ఉన్న మేమంతా వస్తాం. మా లాగ్‌బుక్కులు, మా తేదీలు పట్టుకొస్తాం.

ఇట్లు,
ఒక విద్యార్థి పైలట్
మారతహళ్ళి, బెంగళూరు