పున్నమి నాడు టెలిస్కోపు వద్దు

సంపాదకుల వారికి,

మన జిల్లాలో బడి పిల్లలకు టెలిస్కోపులో చంద్రుణ్ణి చూపించాలంటే చాలాచోట్ల పున్నమి రోజే ఎంచుకుంటున్నారు. పిల్లల కోసం రాత్రి వేళ ఆగే మాస్టార్లకు దండం పెట్టాలి. కానీ టెలిస్కోపుకి చంద్రుడు బొత్తిగా పనికిరాని రోజు అదే. ఆ రాత్రి ఎండ అతని మీద సూటిగా పడుతుంది, నీడలుండవు. నీడ లేనిదే కొండేదో గొయ్యేదో తెలియదు. కళ్లు జిగేలుమంటాయి, అంతే. ఆ వెలుగుకి పిల్లలకోడి చుక్కలు కూడా వెలిసిపోతాయి.

శుద్ధ పంచమి నుంచి అష్టమి లోపు పెట్టండి. చీకటి పడేసరికి చంద్రుడు బాగా ఎత్తున ఉంటాడు, పిల్లలు పెందలాడే ఇళ్లకు చేరతారు. వెలుగూ చీకటీ కలిసే అంచు వెంబడే చూపించాలి. షష్ఠి ప్రాంతంలో అక్కడ థియోఫిలస్ అనే గొయ్యి కనిపిస్తుంది. శ్రీకాకుళం నుంచి విశాఖకు తిన్నగా గీత గీస్తే ఎంతో, దాని వెడల్పు దాదాపు అంత: 100 కిలోమీటర్లు. అడుగంతా నల్లగా ఉండగా నడుమనున్న కొండ కొన మీద మాత్రం ఎండ పడుతుంది. ఆ ఒక్క చుక్క వెలుగు చూపిస్తే చాలు, పిల్లలు మళ్లీ వరసలో నిలబడతారు.

60 మి.మీ. కటకం, 700 మి.మీ. నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) ఉన్న చిన్న టెలిస్కోపు సరిపోతుంది. 20 మి.మీ. ఐపీస్, అంటే కన్ను పెట్టి చూసే కటకం, పెడితే 35 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. చంద్రుడు నిండుగా పడతాడు. పెట్టె మీద 525 రెట్లని అచ్చేస్తారు, నమ్మొద్దు. 60 మి.మీ. కటకం 120 రెట్లు దాటితే బొమ్మ పెద్దదవుతుంది గానీ మసకబారుతుంది. టెలిస్కోపు పక్కనుండే గురి చూసే చిన్న గొట్టాన్ని, అంటే ఫైండర్‌ని, పగలే, కిలోమీటరుకు పైగా దూరంలో ఉన్న సెల్ టవర్ కొన మీద సరిచూసుకోండి. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పకూడదు, కన్ను పోతుంది.

భూమి తిరుగుతుంటుంది కాబట్టి చంద్రుడు రెండు నిమిషాల్లో తన వెడల్పంత జరిగిపోతాడు. ఇద్దరు ముగ్గురు చూడగానే మళ్లీ మధ్యకు తేవాలి, లేకపోతే వెనకాల పిల్లలు ఏమీ కనపడకపోయినా 'కనిపించింది సార్' అనేసి వెళ్లిపోతారు. గొట్టం పట్టుకుంటే బొమ్మ ఊగుతుంది. చేతులు వెనక్కి కట్టుకుని చూడమనండి. పొట్టి పిల్లలకు స్టూలు వేయండి.

కళింగపట్నం, భావనపాడు వంటి తీరపు ఊళ్లలో మరో బెడద ఉంది. ఉప్పుగాలి, మంచు కలిసి కటకం మీద పడతాయి. జేబురుమాలుతో తుడిస్తే గీతలే. నల్ల చార్టు ముక్కని 10 సెంటీమీటర్ల గొట్టంలా చుట్టి కటకం ముందు తొడగండి. అప్పటికీ తడిస్తే ఇంట్లో ఫ్యాను గాలికి పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడే మూత పెట్టండి.

– కొందరు ఆకాశ పరిశీలకులు, శ్రీకాకుళం