మన ప్రింటర్ల సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం. గడిచిన ఏడాది మన సంఘం చేసిన పనులను కార్యవర్గం తరఫున మీ ముందు ఉంచుతున్నాను.

చిక్కడపల్లి, నారాయణగూడ, ఛత్తా బజార్ సభ్యత్వాల రెన్యువల్ పూర్తయింది. ఆపరేటర్ల పిల్లలకు ఎప్పటిలాగే నోట్‌బుక్కులు పంచాం.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవాల్సింది ఇంకు పొదుపు శిబిరం. న్యూస్‌ప్రింట్ (దినపత్రికల కాగితం) మీద ఇంకు తెగ లాగుతోందని ప్రతి మీటింగులోనూ వినే మాటే. మెషిన్‌లో ఇంకు ధారను అదుపుచేసే కీలు బిగిస్తాం, ప్రింటు వెలిసినట్టు వస్తుంది, పని ఇచ్చిన పార్టీ గొడవ పెడతాడు, మళ్లీ వదులుతాం. పొదుపు మొదలుకావాల్సింది కంప్యూటర్‌లో తయారయ్యే ఫైల్ దగ్గర. ఆ సంగతి కళ్లకు కట్టాలని బాగ్‌లింగంపల్లిలో ఒక సభ్యుని ప్రెస్సులో ఆదివారం శిబిరం పెట్టాం.

పంచాంగం లోపలి పేజీకి వేసే వేంకటేశ్వరస్వామి బొమ్మ తీసుకున్నాం. ఫైల్ నునుపైన ఆర్ట్ పేపర్‌కి చేసింది. స్వామివారి నల్లని మేని దగ్గర సయాన్ 80, మెజెంటా 70, ఎల్లో 70, బ్లాక్ 90, నాలుగు ఇంకులూ కలిపి 310 శాతం. దినపత్రికలకు వాడే ఐసీసీ ప్రొఫైల్‌లో (కాగితానికి తగ్గట్టు రంగుల్ని మార్చే సెట్టింగుల ఫైల్) ఈ మొత్తానికి పరిమితి 240. ఆ ప్రొఫైల్‌లోకి మార్చి, మూడు రంగులు కలిసి బూడిద రంగయ్యే మేరకు వాటిని తగ్గించి నలుపు వేసే జీసీఆర్ పద్ధతిలో ఇంకో సెట్ ప్లేట్లు తీశాం.

మొదటి సెట్ షీటు మీద వేలు పెడితే నలుపు అంటింది. వెనక్కి తిప్పితే కిరీటం ఆకారం కనబడింది, నగలన్నీ ఒకటే ముద్దయ్యాయి. రెండో షీటులో హారాల గీతలు విడివిడిగా వచ్చాయి, నామం తెల్లగా నిలిచింది. న్యూస్‌ప్రింట్ ఇంకును పీల్చుకుంటుంది, బొమ్మలోని అచ్చు చుక్క పరుచుకుంటుంది. ఫైల్‌లో 50 శాతం ఉన్నది కాగితం మీద సుమారు 76గా కనబడుతుంది. అందుకే తగ్గించి పంపినా బొమ్మ పలచబడలేదు. పైగా రంగు ఇంకుల కంటే నలుపు చవక.

అక్షరాల సంగతీ చూశాం. ఆర్‌జీబీలో (కంప్యూటర్ తెర రంగుల్లో) చేసిన మ్యాటర్‌ను అచ్చు రంగుల్లోకి మార్చినప్పుడు నలుపు నాలుగు రంగుల్లోకి చీలుతుంది. రిజిస్ట్రేషన్, అంటే రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడడం, కాస్త తప్పితే చాలు, వత్తులు, గుడులు పూడుకుపోతాయి. మ్యాటర్ ఒక్క బ్లాక్ ప్లేటులోనే ఉండేలా డీటీపీ వాళ్లకు గట్టిగా చెప్పండి.

ప్రెస్సు ఇచ్చిన సభ్యునికి, కాగితం ఉచితంగా ఇచ్చిన వ్యాపారికి, సెలవు రోజు మెషిన్ నడిపిన ఆపరేటర్లకు, కంప్యూటర్ నుంచి నేరుగా ప్లేట్లు తీసిచ్చిన సీటీపీ మిత్రులకు, భోజనాలు చూసుకున్న మహిళా సభ్యులకు పేరుపేరునా కృతజ్ఞతలు.

బాధ కలిగించిన విషయమూ చెప్పాలి. పేర్లిచ్చిన వాళ్లలో చాలామంది రాలేదు, కనీసం డీటీపీ ఆపరేటర్లనైనా పంపలేదు. ఏర్పాట్లన్నీ ముందుకొచ్చిన నలుగురైదుగురి మీదే పడ్డాయి. శిక్షణకు సాయం కోరుతూ ప్రభుత్వ కార్యాలయానికి ఇచ్చిన వినతిపత్రానికి ‘ఫైలు పైకి వెళ్లింది’ అన్న మాట తప్ప జవాబు లేదు.

ఆదాయ వ్యయాలు ఆడిటర్ సంతకంతో చివరి పేజీలో ఉన్నాయి, ఆమోదించగలరు.

తర్వాతి శిబిరం మ్యాప్‌లిథో (పుస్తకాలకు వాడే తెల్ల కాగితం) మీద. దాని ఇంకు పరిమితి వేరు, టెస్ట్ షీట్లు మళ్లీ వేయాలి. ఉగాది పనుల హడావిడి మొదలయ్యేలోపు జరపాలి కాబట్టి, మెషిన్ టైము ఇవ్వగలిగినవారు ఈ సమావేశంలోనే పేరు రాయించండి. న్యూస్‌ప్రింట్ సెట్టింగులు కావాల్సినవారు పెన్‌డ్రైవ్ తెచ్చుకుంటే ఆఫీసులో కాపీ చేసి ఇస్తాం.

కార్యదర్శి