చేపల ఫ్రీజర్లో మా పిల్లల నోటు పుస్తకాలు: అందరికీ పేరుపేరునా థాంక్స్

2023 క్రిస్మస్ అయి మూడు రోజులైంది. ఈ నెల మొదట్లో తుఫాను వానకి మా ఇల్లు మునిగింది. గోడలు నడుము ఎత్తు దాకా ఇంకా చెమ్మగానే ఉన్నాయి, కానీ ఇవాళ కాస్త తీరిక దొరికింది కాబట్టి కూర్చుని రాస్తున్నాను. చాలామందికి ఫోన్ చేసి చెప్పాను, అయినా నలుగురిలో చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా. మాది చీరాల, చెన్నై వచ్చి పదకొండేళ్ళు, వేళచ్చేరిలో కింది వాటాలో అద్దెకుంటాం. పెద్దదానికి పదమూడు, చిన్నోడికి ఎనిమిది. 2020లో బడులు మూసేసినప్పుడు ఇంట్లో చదివించడం మొదలుపెట్టాం, తెరిచాక మళ్ళీ పంపలేదు. ఎందుకు పంపలేదన్నది ఇప్పుడొద్దు, ఆ వాదన ప్రతి పెళ్ళిలోనూ భోజనాల దగ్గర ఎలాగూ జరుగుతూనే ఉంటుంది.

డిసెంబరు 3, అడ్వెంట్ మొదటి ఆదివారం (క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాల కాలాన్ని అడ్వెంట్ అంటాం). ఈ ఏడు క్రిస్మస్ సోమవారం వచ్చింది కాబట్టి నాలుగో ఆదివారం సరిగ్గా 24నే పడింది, అంటే మొత్తం 22 రోజులే, అడ్వెంట్ ఇంతకంటే పొట్టిగా రావడానికి వీల్లేదు. ఎందుకు వీల్లేదో క్యాలెండర్ ముందేసుకుని లెక్క తేల్చమంటే పిల్లలిద్దరూ పొద్దున్నే అరగంట కొట్టుకున్నారు. చర్చికి వెళ్ళొచ్చి మొదటి కొవ్వొత్తి వెలిగించాం, వరండాలో స్టార్ కట్టాం. రాత్రంతా వాన. సోమవారం ఆరింటికి నీళ్ళు గడప దాటాయి, పదింటికి మంచం కోళ్ళు మునిగాయి, మధ్యాహ్నానికి నా తొడల దాకా వచ్చేశాయి.

అలాంటప్పుడు అందరూ ఏం ఎత్తుతారో మేమూ అవే ఎత్తాం. గ్యాస్ బండ, బియ్యం డబ్బా, ఇన్వర్టర్, సర్టిఫికెట్ల కవరు. ఫ్రిజ్ ఎత్తడానికి ఆయన, మేడ మీద తాతగారు కిందా మీదా పడుతుంటే నేను కేకు కోసం అక్టోబరులో ద్రాక్ష రసంలో నానబెట్టిన ఎండు పళ్ళ సీసా పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాను. ఎందుకు దాన్నే పట్టుకున్నానో ఇప్పటికీ తెలీదు. ఇనుప రాక్ కింది అరలో ఉన్న నోటు పుస్తకాలు మాత్రం ఒక్కరికీ గుర్తు రాలేదు.

అవి మొత్తం ముప్పై ఒకటి. నాలుగేళ్ళవి.

బడికెళ్ళే పిల్లలకి ప్రోగ్రెస్ రిపోర్టు ఉంటుంది, టీసీ ఉంటుంది, టీచర్ రాసిన ఒక మాటైనా ఉంటుంది. మా పిల్లలు ఏం చదివారని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఆ పుస్తకాలే. వాటికి సర్టిఫికెట్ విలువ ఏమీ లేదు, ఆ సంగతి నాకు తెలుసు. పెద్దదానికి పద్నాలుగు నిండాక ఓపెన్ స్కూల్ పదో తరగతికి కట్టేటప్పుడు కూడా వాళ్ళు వీటిని అడగరు. కానీ నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్ళి గూడబాతుల్ని చూసొచ్చిన రోజు అది వేసిన బొమ్మ, పక్కన ఒక్కో చెట్టు మీద ఎన్ని గూళ్ళో వేసిన లెక్క అందులోనే ఉన్నాయి. ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన సాయంత్రం చిన్నోడు రాసిన పేజీ ఉంది. అన్నిటికంటే, ప్రతి డిసెంబరులో మేం కలిసి రాసే క్రిస్మస్ పుస్తకాలు ఉన్నాయి. ఆ నెల మా ఇంట్లో వేరే సిలబస్ ఉండదు. కేకు కొలతల్ని సగం చేసి రాయడమే భిన్నాలు, స్టార్ కత్తిరించడమే కోణాలు, ఎవరికి ఎంతలో ఏం కొనాలన్నదే కూడికలు తీసివేతలు, అమ్మమ్మకి ఉత్తరమే తెలుగు. బైబిల్లో లూకా రెండో అధ్యాయం చూసి రాయడం చేతిరాత. 2020 పుస్తకంలో చిన్నోడి అక్షరాలు ఒక్కోటి అరచేయంత ఉంటాయి.

సాయంత్రం మేడ మీద పాటి (తమిళంలో అవ్వ) వాళ్ళ హాల్లో ఆ పుస్తకాల్ని గుట్టగా పోసి చూసి ఏడ్చాను. పోయిన ఫ్రిజ్‌కి ఏడవలేదు, అది కూడా చెప్పాలి.

ఇక థాంక్స్‌లు. వరసలో ఏమీ లేదు, గుర్తొచ్చినట్టు రాస్తున్నా.

మేడ మీద పాటి, తాతగారు. ఎనిమిది రోజులు నలుగురం మీ ఇంట్లోనే ఉన్నాం. 2015 వరదలు చూసిన అనుభవంతో మీరు ముందురోజే బిందెలన్నీ నింపి పెట్టబట్టి మాకూ తాగడానికి నీళ్ళున్నాయి. పాలు దొరకని రోజుల్లో మీరిద్దరూ కాఫీ మానేసి ఉన్న పొడిపాలు చిన్నోడికిచ్చారని నాకు తరవాత తెలిసింది. మార్గళి (మన ధనుర్మాసం) మొదలైన రోజు తెల్లారకముందే పెద్దదాన్ని లేపి చుక్కల ముగ్గు నేర్పించారు, అది ఆ చుక్కలతోనే నక్షత్రం ముగ్గేసింది, ఎన్ని చుక్కలకి ఎన్ని మొనలు వస్తాయో ఇప్పటికీ కాగితాల మీద తేలుస్తూనే ఉంది.

పెరంబూరు నుంచి వచ్చిన వదినా, అన్నయ్యా. మీరూ పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తారు కాబట్టి మీకు విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు. చాలామంది నీళ్ళు తగ్గాయా, బండి స్టార్ట్ అయిందా అని అడిగారు, అదీ ప్రేమే, కాదనను. వదిన మాత్రం ఫోన్ కలవగానే "పుస్తకాలు?" అంది. నేను మాట్లాడలేకపోయాను. వెంటనే వాళ్ళ నాన్నగారికి ఫోన్ ఇచ్చింది.

ఆ తాతగారు నలభై ఏళ్ళు బైండింగ్ పని చేశారు. మంగళవారం ఆయన ఫోన్లో చెప్పింది దాదాపు ఉన్నదున్నట్టు రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తుంది. తడిసిన పుస్తకాన్ని తెరవకమ్మా, చిరుగుతుంది. ఎండలో పెట్టకు, వంకర్లు తిరిగి బిగుసుకుపోతుంది. రెండు రోజులు దాటితే బూజు పడుతుంది, ముప్పై పుస్తకాల్ని రెండు రోజుల్లో నువ్వు ఆరబెట్టలేవు. కాబట్టి గడ్డ కట్టించెయ్. పైపైన బురద కడిగి, ఒక్కోదాన్నీ విడిగా కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టు, అందులో ఉన్నన్నాళ్ళూ బూజు పెరగదు, తరవాత తీరిగ్గా రెండేసి మూడేసి తీసి ఆరబెట్టుకో.

ఫ్రీజరా? మాది నీళ్ళలో పడుంది, పాటి వాళ్ళకి కరెంటు లేదు.

ఇక్కడే మా సందు చివర మెయిన్ రోడ్డు మీద చేపల షాపు అన్న. ఆయన షాపు నాలుగు మెట్లు ఎత్తులో ఉంటుంది, ఆ వరసకి కరెంటు బుధవారం పొద్దున్నే వచ్చింది. తుఫానుకి పడవలు సముద్రంలోకి వెళ్ళలేదు, చేపలు లేవు, పెద్ద డీప్ ఫ్రీజర్ ఖాళీగా ఉంది. మా ఆయన మోకాలి లోతు నీళ్ళలో ప్లాస్టిక్ టబ్బు తోసుకుంటూ వెళ్ళి తన అరకొర తమిళంలో నోటు పుస్తకాలు ఫ్రీజర్లో పెట్టుకోవాలి అంటే, అన్న రెండుసార్లు అడిగాడట, పుస్తకాలేనా అని. మూడోసారి అడగలేదు. ఫ్రీజర్ తుడిచి, అడుగున కొత్త గోనె సంచి పరిచి, ముప్పై ఒకటీ ఇటుకల్లా పేర్చి, పైన అట్టముక్క మీద మార్కర్‌తో "పిల్లల పుస్తకాలు, ముట్టుకోవద్దు" అని తమిళంలో రాసి పెట్టాడు. వారం తిరిగాక చేపలొచ్చాయి. సగం ఫ్రీజర్ మాకే వదిలేసి మిగతా సగంలో సర్దుకున్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు, కరెంటు బిల్లు వాటా అంటే నవ్వాడు.

ఇక మధ్యలో మా అమ్మ సంగతి. మమ్మల్ని ముంచిన ఆ తుఫానే 5వ తేదీ మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. అమ్మ చీరాలలో ఒక్కతే. ఇక్కడ సిగ్నల్ సరిగ్గా లేదు, అక్కడ కరెంటు లేదు. పిల్లలు మ్యాపు గీసి పెన్సిల్‌తో దాని దారి గుర్తు పెట్టారు, అది ప్రతి క్రిస్మస్‌కి మేం రైల్లో వెళ్ళే దారే. "అమ్మమ్మ దగ్గరికి మనకంటే ముందే పోయింది" అన్నాడు చిన్నోడు. అమ్మకి ఏమీ కాలేదు, కానీ చుట్టుపక్కల కోతకొచ్చిన వరి పడుకుండిపోయింది, కొత్త బియ్యం అరిసెలు ఈ ఏడు లేవంది. చర్చిలో ఆ మాట ఎవరి చెవిన పడిందో, 23న మా గుమ్మంలో మూడు డబ్బాల అరిసెలు, ఒక డబ్బా గులాబి పువ్వులు. ఏ డబ్బా మీదా పేరు లేదు. ఎవరివో దయచేసి చెప్పండి, డబ్బాలు తిరిగివ్వాలి, ఒకటి మంచి స్టీలుది.

12వ తేదీ నుంచి రోజూ తొమ్మిదింటికి మా క్లాసు పుస్తకాలు ఆరబెట్టడమే. బడులకి ఆ తుఫాను వారం సెలవులిచ్చారు, మీ వాళ్ళకి సెలవు లేదా అని చాలామంది అడిగారు, మా ఇంట్లో సెలవుకీ పనికీ మధ్య గీత ఎప్పుడూ సరిగ్గా ఉండదు. బైండింగ్ తాతగారు మెట్రో ఎక్కి, బస్సు మారి మూడుసార్లు వచ్చారు, ఆ వయసులో. పేజీల మధ్య న్యూస్ పేపర్ పెట్టనివ్వలేదు, సిరా అంటుకుంటుందని. తెల్ల కాగితాలు పెట్టించారు, గంట గంటకీ మార్పించారు, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా గోడకి తిప్పించారు.

మొదట తీసింది 2020 క్రిస్మస్ పుస్తకం. అంచుల మీద మంచు పొడి, చేతిలో రాయిలా ఉంది. కరిగే దాకా ఇద్దరూ దాని ముందు కూర్చున్నారు, మధ్యాహ్నం అయిపోయింది. తాతగారు వెన్న రాసే మొద్దు చాకు సందులోకి పోనిచ్చి ఒక్కో పేజీ విడదీశారు. పెన్సిల్‌తో రాసినదంతా అలాగే ఉంది, ఒక్క గీత చెరగలేదు. బాల్ పెన్ను కాస్త మసకేసింది. స్కెచ్ పెన్నులు మాత్రం పోయాయి, క్రిస్మస్ తాత కోటు ఎరుపంతా కారి ఎదురు పేజీలో ఉన్న పశువుల పాకనీ ముగ్గురు జ్ఞానుల్నీ గులాబి రంగులో ముంచేసింది. చిన్నోడు చూసి "ఇక్కడ కూడా వరదే" అన్నాడు. తాతగారు చాకు పక్కన పెట్టి చాలాసేపు నవ్వారు.

నిగనిగలాడే కాగితం ఉన్న రెండు పుస్తకాలు మాత్రం అట్టలా అతుక్కుపోయాయి, అవి ఇక రావు. చంద్రయాన్ పేజీ అందులోనే ఉంది. అలాగే ఉంచుకుంటాం.

24 రాత్రి నాలుగో కొవ్వొత్తి వెలిగించాం. ఒవెన్ నీళ్ళలో పోయింది కాబట్టి పాటి వాళ్ళ కుక్కర్లో అడుగున ఉప్పు పోసి, గ్యాస్కెట్, విజిల్ తీసేసి కేకు చేశాం, గంటకి పైగా పట్టింది. మధ్యలో కొంచెం కుంగింది. ఆ సీసా పళ్ళే అందులో వేశాను. ఈ ఏటి క్రిస్మస్ పుస్తకం కొత్తది కొనలేదు, బైండింగ్ తాతగారు పాడైన పుస్తకాల్లో మిగిలిన ఖాళీ కాగితాలు ఏరి కుట్టి అట్ట వేసి ఇచ్చారు. మొదటి పేజీలో పెద్దది కుక్కర్ కేకు కొలతలు రాసింది, పెన్సిల్‌తో.

"నోట్సుల కోసం ఇంత హడావిడా, బడికి పంపుంటే రికార్డులన్నీ బడిలోనే భద్రంగా ఉండేవి కదా" అన్న బంధువులకి కూడా ఒక మాట. ఆ బడి కూడా గ్రౌండ్ ఫ్లోరే అండి.

ఇంకో మూడు పుస్తకాలు ఫ్రీజర్లోనే ఉన్నాయి. అన్నకి తెలుగు రాదు, ఇది పాటి తమిళంలో చదివి వినిపిస్తానంది. అన్నా, కొత్త సంవత్సరం రద్దీకి మీకు చోటు కావాలి, శనివారం పొద్దున మా వాడు టబ్బు తీసుకుని వస్తాడు. కేకు కూడా తెస్తాడు, కుంగిన వైపు కాదు. మిగతావాళ్ళకి ముందే చెప్తున్నా, మా ఇంటికొచ్చి ఆ పుస్తకాలు తిరగేస్తే కొంచెం వంజరం వాసన వస్తుంది, ఏమీ అనుకోకండి.